పక్కవాణ్ణి అడగమన్న మా పెద్ద సిస్టర్

మా పెద్ద సిస్టర్ పోయిన కబురు నాకు మందుల బీరువా ముందు నిలబడి ఉన్నప్పుడు తెలిసింది. పొద్దున డ్యూటీ మొదలై గంట కూడా కాలేదు. నాతో పనిచేసే కేరళ నర్సు తన ఫోను నా ముందుకు చాపింది. మా వార్డు వాట్సాప్ గ్రూపులో ఆవిడ కూతురు పెట్టిన రెండు వాక్యాలు. భీమవరం దగ్గర సొంత ఊళ్ళో, నిద్రలోనే పోయారట. నేను బీరువాకి తాళం వేశాను. పడిందో లేదో అని రెండుసార్లు లాగి చూశాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

ఆవిడ ఒంట్లో బాగాలేక ఉద్యోగం మానేసి మన దేశం వెళ్ళిపోయి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో నేను ఒక్కసారి కూడా ఫోను చేయలేదు. చేయకపోవడానికి కారణం ఉంది. అది చెప్పకుండా ఆవిడ గురించి మంచిమాటలు మాత్రం రాస్తే, ఆవిడ నేర్పిన మొదటి సంగతే నాకు రాలేదన్నట్టు.

మేం పనిచేసేది దోహాలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో. ఒకేసారి పదిమంది, ఇరవైమంది గాయాలతో వచ్చే రోజులు మాకు ఉంటాయి. అలాంటి రోజున వచ్చినవాళ్ళను వచ్చినట్టు చూడటం కుదరదు. చేతికి రంగు చీటీ కడతాం. వెంటనే చూడకపోతే ప్రాణం పోయేవాళ్ళకు ఎరుపు. కొంచెం ఆగగలిగినవాళ్ళకు పసుపు. నడిచి వచ్చినవాళ్ళకు ఆకుపచ్చ. నలుపు గురించి మీకు చెప్పక్కర్లేదు. ఎవరికి ఏ రంగో గుమ్మంలోనే, నిమిషంలోపే తేల్చాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ గుమ్మంలో నిలబడిన మనిషి మా పెద్ద సిస్టర్. ఆ పేరు పెట్టింది మేం కాదు, తెలుగు కూలీలు. మేం ‘మేడమ్’ అనేవాళ్ళం.

పొట్టి మనిషి. గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకి ఉండేలా పెట్టుకునేది. పెరుగన్నం నిలబడే తినేది. ఎంత గందరగోళంలోనైనా మంచాలకు వీపు పెట్టి, తలుపువైపు ముఖం పెట్టి నిలబడేది. చేరిన కొత్తలో నాకు అది నిర్లక్ష్యంలా కనిపించింది. రోగులు వెనక ఉంటే ఈవిడ తలుపు చూస్తుందేమిటి అనుకునేదాన్ని.

“ముందొచ్చినవాడికి ముందు మంచం ఇవ్వకమ్మాయ్” అని ఒకరోజు తనే చెప్పింది. “ముందు వచ్చేవాడు ఎలా వచ్చాడు? ఎవరి పికప్పో ఎక్కి, ఫ్రెండు భుజం పట్టుకుని వచ్చాడు. అంటే రాగలిగాడన్నమాట. రాలేనివాడు ఇంకా రోడ్డుమీదే ఉన్నాడు, అంబులెన్సువాళ్ళు వాణ్ణి బస్సులోంచి లాగుతున్నారు. వాడొచ్చేసరికి నీ దగ్గర మంచం లేదనుకో, ఏం చేస్తావ్? సారీ చెప్తావా?”

ప్రమాదాలకు కూడా వేళలూ రుతువులూ ఉంటాయని ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. చలికాలం పొద్దున పొగమంచు కమ్మితే డ్యూటీకి పోయే బస్సులు. శుక్రవారం సాయంత్రాలు కుటుంబాలున్న కార్లు. ఎండాకాలం ఒకే సైటునుంచి నలుగురైదుగురు ఒకేలా కళ్ళు తిరిగి వస్తారు. ఎడారిలో చలి ముదిరినప్పుడు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, కిటికీలు మూసుకుని పడుకున్నవాళ్ళు తలనొప్పితో వస్తారు. ఒకే గదివాళ్ళందరికీ తలనొప్పి అంటే మాత్ర ఇచ్చి పంపకూడదని, ఆ గదిలో ఇంకా లేవనివాడు ఉన్నాడేమో కనుక్కోమని ఆవిడ చెప్పింది. పొద్దున కిటికీలోంచి మంచు కనిపిస్తే చాలు, ఎవరూ చెప్పకముందే నాలుగు మంచాలు ఖాళీ చేయించేది. మంచు విడిపోయి ఏమీ జరగకపోతే మగ డాక్టర్లు నవ్వేవాళ్ళు. “జరగలేదుగా, పండగ చేసుకోండి” అని తనూ నవ్వేది.

ఆవిడ బల్ల కింద ఒక అట్టపెట్టె ఉండేది. దాన్నిండా రబ్బరు చెప్పులు, తన డబ్బుతో కొన్నవి. బస్సు బోల్తాపడితే మనుషులు చెప్పుల్లేకుండా వస్తారు. ఒట్టికాళ్ళతో ఉన్నవాడు మొహమాటపడి కుర్చీలోంచి లేచి నొప్పి అని చెప్పడానికి కూడా రాడని ఆవిడ నమ్మకం. చీలమండ వాచిన ఒకాయన ఆ చెప్పుల్లో ఒకటి తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, “అమ్మా, ఇరిగిందా ఇరుగలేదా ఒక్క ముచ్చట చెప్పు. ఇరుగకపోతే యల్లా అనుకుంట రేపు డ్యూటీకి పోత” అన్నాడు.

“విరిగింది బాబూ. విరక్కపోయినా పంపేది లేదు. రేపు నీ డ్యూటీ పడుకోవడమే.”

“గట్లనే రాసియ్యి మరి. మా ఫోర్మనుకు సూపెడ్త.”

“రాస్తాను. చెప్పు కింద పెట్టు ముందు, నీ చెప్పు ఎవరూ ఎత్తుకుపోరులే.”

ఇవన్నీ సరే. ఆవిడ పనిలో అసలు కిటుకు ఒక్క ప్రశ్న. కుర్చీల్లో కూర్చోబెట్టిన ఆకుపచ్చ చీటీల దగ్గరికి వెళ్ళి ‘నీకెలా ఉంది’ అని అడిగేది కాదు. “నీ పక్క సీట్లో ఎవరు కూర్చున్నారు? అతనికెలా ఉంది?” అని అడిగేది. ఒకరి తర్వాత ఒకరిని, అందరినీ.

“మనవాళ్ళు ఒంటి సంగతి నిజం చెప్పరమ్మాయ్. నాగా పడుతుంది, కంపెనీ ఇంటికి పంపేస్తుంది, ఊళ్ళో తెలిస్తే ఏడుస్తారు, సవాలక్ష ఉంటాయి. ‘ఏం కాలేదు’ అంటారు. తన గురించి దాచినవాడు పక్కవాడి గురించి దాచడు. పక్కవాణ్ణి అడుగు.”

నాకు ఆ సంగతి చెప్పక్కర్లేదనుకున్నాను. నేను ఆ మనుషుల మధ్య పుట్టినదాన్ని. మాది జగిత్యాల వైపు. మా నాన్న పద్నాలుగేళ్ళు ఇక్కడే షట్టరింగ్ పని చేశాడు, మా అమ్మ బీడీలు చుట్టింది. మా ఇంట్లో పలక పట్టిన మొదటిదాన్ని నేను. బ్యాంకు కాగితమైనా, రేషను కాగితమైనా ఇంట్లో నేనే రాసేదాన్ని, వాళ్ళు వేలిముద్ర వేసేవాళ్ళు. ఏం రాశావని ఒక్కనాడూ అడగలేదు. నేను రాసిందంటే నిజమే అయి ఉంటుందని వాళ్ళ లెక్క. అలా పెరిగినదానికి తప్పు రాయడం అంటే ఏమిటో చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

కిందటి చలికాలం, పొగమంచు ఉన్న ఒక పొద్దున, డ్యూటీకి పోతున్న ఒక కంపెనీ బస్సు ఆగి ఉన్న ట్రైలర్‌ను వెనకనుంచి గుద్దింది. పెద్ద సిస్టర్ గుమ్మంలో ఎరుపు చీటీలతో ఉంది. నన్ను కుర్చీల దగ్గర పెట్టింది. అందరూ మావైపు మనుషులు. అందులో నలభై దాటిన ఒక మేస్త్రి, గోధుమరంగు స్వెట్టరులో, గోడవైపు కుర్చీలో కూర్చున్నాడు.

“ఎక్కడ తాకింది?” అని అడిగాను.

“నాకేం కాలే బిడ్డా. జర్ర తాకింది, గంతే. ఆ పోరన్ని సూడు, నెత్తురు కారుతుంది” అన్నాడు. “నీది ఏ ఊరు?”

చెప్పాను.

“గా ఊరా? మీ ఊరి అంగడికి మస్తుసార్లు అచ్చిన. ఎడ్లు కొనవోయినం మా నాయనతోని. ఎవ్వలి బిడ్డవు?”

మా నాన్న పేరు చెప్పాను. తెలియదన్నాడు కానీ, మా ఇంటిపేరువాళ్ళు ఒకరు తెలుసన్నాడు. తన అమ్మ లెక్కలో తానింకా దుబాయ్‌లోనే ఉన్నట్టట. “ఖతర్ అని చెప్పి చెప్పి యాష్టకొచ్చింది బిడ్డా, ఇడిసిపెట్టిన” అన్నాడు. నేను నవ్వాను. అతనూ నవ్వబోయి ఆగాడు. బీపీ చూశాను, ఫర్వాలేదనిపించింది. నాడి వేగంగా ఉంది. బస్సు గుద్దుకున్నాక ఎవరికైనా ఉంటుందిలే అనుకున్నాను. చాయ్ ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆకుపచ్చ చీటీ కట్టాను. ఇన్ని మాటలు మాట్లాడే మనిషికి ఏమైందనుకుంటాం?

గుమ్మంలోంచి పెద్ద సిస్టర్ కేకేసింది. “కుర్చీలవాళ్ళు ఎలా ఉన్నారమ్మాయ్? అడిగావా?”

“అందరూ బాగున్నారు మేడమ్” అన్నాను.

పక్కవాణ్ణి అడగలేదు. మా ఊరి మాట విని సంబరపడి మరిచిపోయాను. అంతే, ఇంకో కారణం లేదు. ఇంచుమించు ముప్పావుగంట తర్వాత అతని చేతిలో చాయ్ ఒలికింది. ముఖం బూడిదరంగుకు తిరిగింది. ఎడమవైపు పక్కటెముకల కింద లోపల చిరిగి, అప్పటిదాకా కడుపులోకే రక్తం కారింది. ఆపరేషను గదిలోకి తీసుకుపోయారు. ఆ మధ్యాహ్నమే పోయాడు.

బస్సులో అతని పక్కసీటు కుర్రాడు రెండు కుర్చీల అవతల ఉన్నాడు. తర్వాత పెద్ద సిస్టర్ అడిగితే చెప్పాడు. “ముందటి సీటు రాడు కడుపుల గుద్దింది. రోడ్డు పొంటి కక్కిండు. నా భుజం మీద చెయ్యేసుకునే మమ్ముల ఈడికి తెచ్చిన బండి దాకా నడిచిండు. నన్నెవ్వలడగలే.”

పెద్ద సిస్టర్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు కాగితం ఇచ్చి జరిగింది రాయమంది. ‘రోగి తనకు నొప్పి లేదని చెప్పాడు’ అని రాశాను.

చదివి వెనక్కిచ్చింది. “ఇది అతను చెప్పింది. నువ్వు చూసింది రాయి.”

నాడి వేగం రాశాను.

“చాయ్ తాగాడా?”

“లేదు.”

“అదీ రాయి. నేను కేకేసి అడిగినప్పుడు నువ్వేం చెప్పావో అది కూడా రాయి.”

మూడుసార్లు రాయించింది. మూడోసారి పెన్ను సిరా కారి, కాగితం మీద మచ్చపడింది. ఆ మచ్చ కాగితాన్నే సమీక్ష సమావేశంలో నాతో చదివించింది. అప్పుడు తన వంతుగా ఒక్క మాట చెప్పింది. కొత్త అమ్మాయిని ఒంటరిగా కుర్చీల దగ్గర పెట్టింది తానేనని, తను వెనక్కి తిరిగి ఒక్కసారీ చూడలేదని. నా మీద పడే దాన్ని తన మీద వేసుకోలేదు, తన మీద పడే దాన్ని దాచుకోలేదు. నా ఉద్యోగం పోలేదు. నెలరోజులు మళ్ళీ శిక్షణకు పంపారు. నేను మాత్రం ఆవిడ మీద పగ పెట్టుకున్నాను. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కదా, నలుగురి ముందు నన్ను అలా నిలబెట్టడానికి ఆవిడకు మనసెలా ఒప్పిందని రోజూ అనుకునేదాన్ని. ఒక మనిషి పోయాడన్నది నా అవమానం వెనక్కి జరిగిపోయింది. ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ మేస్త్రి తమ్ముడు ఇక్కడే, వేరే కంపెనీలో పైపులైను పని చేస్తాడు. నేను కాగితం రాసిన రోజే అన్న సామాన్లు తీసుకోవడానికి వచ్చాడు. ఆఫీసువాళ్ళు అతనికి చెప్పాల్సింది చెప్పారు, కడుపులో దెబ్బ తగిలి పోయాడని. అతను నా దగ్గరికొచ్చి, “మా అన్న ఆఖరుకు ఏమన్న చెప్పిండా అక్కా?” అని అడిగాడు. “మన ఊర్ల గురించి మాట్లాడాడు. బాధపడలేదు” అన్నాను. అతను నా చేతులు పట్టుకుని, తన నంబరు రాసిచ్చి, మీ ఇంటికాడ ఏ పని పడ్డా చెప్పమని వెళ్ళిపోయాడు.

పెద్ద సిస్టర్ పక్కనే ఉంది. అతను తలుపు దాటాక, “సగం చెప్పావు” అంది. “మిగతాది కూడా చెప్పి రా. కాగితం మీద రాసింది ఆసుపత్రికి. అతనిది అతనికి చెప్పాలి.”

వారం తర్వాత, “చెప్పావా?” అంది. ఇంకా లేదన్నాను. మరో రెండు వారాలకు మళ్ళీ అడిగింది. పని ఒత్తిడి అన్నాను. మూడోసారి ఉమ్ ఘువైలినా పేటలో తన ఫ్లాటు కింద, కరక్ చాయ్ కొట్టు ముందు అడిగింది. ఒంట్లో బాగాలేదని అప్పటికే ఆవిడకు తెలుసు, మాకే తెలియదు.

“చెప్పాను మేడమ్” అన్నాను.

నా ముఖంలోకి చూసింది. ఇరవై ఏళ్ళు గుమ్మంలో నిలబడి, నొప్పి లేదని చెప్పే ముఖాలను చూసిన కళ్ళు అవి. “సరే” అంది. మళ్ళీ అడగలేదు. నా చాయ్‌కి కూడా తనే డబ్బులిచ్చి, మోకాలు పట్టుకుని మెట్లెక్కి పైకి పోయింది. మరుసటి నెలలో దేశం వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళినప్పుడు నాకు ఊపిరాడినట్టయింది. అడిగే మనిషి లేదు కదా అనుకున్నాను. ఫోను చేస్తే మొదటి మాటగా అదే అడుగుతుందేమోనని చేయలేదు.

కబురు తెలిసిన మూడో రోజు శుక్రవారం. ఆ మేస్త్రి తమ్ముడికి ఫోను చేశాను. మెట్రోలో అల్ వక్రా దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి టాక్సీ తీసుకున్నాను. మగవాళ్ళ క్యాంపులోకి నన్ను రానివ్వరు కాబట్టి, గేటు ఎదురుగా ఉన్న చిన్న కిరాణా కొట్టు ముందు కలుద్దామన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నాకోసం లబాన్ మజ్జిగ సీసా కొని, మూత తీసి ఇచ్చాడు. అన్న కూతురు ఇంటర్ చదువుతోందని, నర్సు చదువు చదివిద్దామనుకుంటున్నారని చెప్పాడు. “ఏం సదువాల్నో నువ్వే జర్ర చెప్పాలక్కా. మాకెవ్వలికి ఎరుక లేదు” అన్నాడు.

అప్పుడు చెప్పాను. స్వెట్టరు, నాడి, తాగని చాయ్, రోడ్డు పక్కన కక్కడం, పక్కవాణ్ణి అడగకపోవడం, అందరూ బాగున్నారని నేను చెప్పిన మాట, అన్నీ. వరసగా చెప్పడం కుదర్లేదు, ముందుకూ వెనక్కూ పోయాను. అతను రోడ్డు మీద పోయే నీళ్ళ ట్యాంకర్లను చూస్తూ విన్నాడు.

“అడిగితె బతికేటోడా?” అన్నాడు.

బతికేవాడు కాదేమో అని చెప్పే వీలు నాకుంది. నోటిదాకా వచ్చింది కూడా. “తెలీదు. బతికే వీలు మాత్రం ఉండేది” అన్నాను.

“అన్న గట్లనే అంటడు. చెయ్యి ఇరిగిన్నాడు గూడ ఏం కాలే అన్నడు” అన్నాడు. నావైపు తిరిగాడు. “గని ఆయన లేబరు. నువ్వు నర్సువు గదక్కా.”

క్షమించమని అడగాలనుకుని వెళ్ళాను కానీ, ఆ మాట విన్నాక అడగడం కూడా అతని దగ్గర ఇంకొకటి తీసుకోవడమే అనిపించింది. అతను కోపంగా లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ఫోను తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

“మా వదిన రోజడుగుతది. ఏమన్నడు, ఎట్ల వోయిండు అని. నువ్వు చెప్పిందే చెప్పిన నేను, బాధ పడలే అని. ఇప్పుడు నాకు ఎరుకైంది గద. ఎరుకైనంక ఆమెతోని అబద్ధం ఆడుడు నాతోని కాదు. నా నోట చెప్పుడు గూడ నాతోని కాదు.”

నంబరు నొక్కి ఫోను నా చేతికిచ్చాడు. ఇచ్చి, నాలుగడుగులు దూరం పోయి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

తెర మీద పచ్చని మొక్కజొన్న చేను ముందు నిలబడిన ఒకామె ఫొటో ఉంది. ఎండకు కళ్ళు చిట్లించి, కొంగు నెత్తిమీదికి లాక్కుంటోంది. రింగవుతోంది. నాలుగుసార్లు అయ్యింది. ఎత్తకపోతే బాగుండుననుకున్నాను, ఆ సంగతి కూడా దాచను. ఐదోసారికి ఎత్తింది. కోళ్ళ అరుపులు, ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించాయి.

“ఏంది మరిదీ, ఇయ్యాల తీరికయ్యిందా? అన్నం తిన్నవా?”

మరిది కాదని, ఆయన్ను ఆసుపత్రిలో చూసిన నర్సునని చెప్పి, నా పేరు చెప్పాను. మా ఊరి పేరు చెప్పాను. అవతల చప్పుళ్ళు ఆగాయి. ఆమె నేల మీద కూర్చున్నట్టుంది, గాజులు గోడకు తగిలాయి.

“చెప్పు బిడ్డా” అంది.